రాగి చుక్కల గూడబాతు

నా ఒళ్లో ఉన్న మూటను చూసి బస్సులో పక్కసీటాయన, "ఏ దేవుని ఫోటో సార్?" అని అడిగాడు. వినబడనట్టు కిటికీలోంచి చూశాను. కాసేపాగి మళ్లీ అడిగాడు. "పక్షి," అన్నాను. ఆయన తన చేతిసంచీని నా మూటకు కొంచెం ఎడంగా జరుపుకున్నాడు.

మూటలో ఉన్నది మా ఊరి చర్చిలో ప్రభువు బల్లకు ముందువైపు బిగించి ఉండే వెండి పలక. టేకు చెక్క మీద వెండి రేకు. రేకు మీద ఉబ్బెత్తుగా ఒక తల్లి గూడబాతు, ఇంగ్లీషులో పెలికన్ అంటారే ఆ పక్షి, దాని కాళ్ల దగ్గర నోళ్లు తెరుచుకున్న మూడు పిల్లలు. తల్లి మెడ వంచి, తన ముక్కుతో తన రొమ్మునే పొడుచుకుంటోంది. అక్కడినుంచి మూడు రాగి చుక్కలు కారుతుంటాయి. కరువు రోజుల్లో పిల్లలు ఆకలికి చచ్చిపోతుంటే తల్లి తన నెత్తురు తాగించి బతికించుకుందని పాత కథ. క్రీస్తు సిలువ మీద చేసింది అదే కనుక, రొట్టె, ద్రాక్షారసం పంచే బల్లకు ఆ పక్షి గుర్తు అయింది. అక్షరం ముక్క రానివాళ్లకు కూడా ఆ బొమ్మ చూస్తే బల్ల అర్థం తెలిసేది.

పక్షి కింద రాగి అక్షరాలు: "తాసిల్దారు సత్యానందం గారి కానుక." సత్యానందం గారు మా తాత. నిజాం కొలువులో తాసిల్దారీ చేసిన మనిషి. వెండి కూడా బజారుది కాదు, మా ఇంటిదే. నాయనమ్మ వడ్డాణం, కడియాలు కరిగించి చేయించారు.

మా ఊళ్లో ఒక అలవాటుంది. మరో ఊళ్లో నేను చూడలేదు. బల్ల దగ్గర మోకరించే ముందు ప్రతివాళ్లూ ఆ రాగి చుక్కల్లో ఒకదాన్ని వేలితో తాకి కళ్లకద్దుకుంటారు. వచ్చిన ప్రతి పాస్టరూ ఇది బైబిల్లో లేదని ఒకసారి చెప్పి, తర్వాత ఊరుకున్నాడు. మొదటి వరస మాది. బల్ల దగ్గరికి మొదట వెళ్లేదీ మేమే. తాత, నాన్న, వాళ్ల వెనక నేను. క్రిస్మస్ పొద్దున ఆ రాగి వేలికి జిల్లుమని తగిలేది. వెనక వాళ్లు మేము లేచి వచ్చేదాకా కూర్చునే ఉండేవారు.

అన్ని వేళ్లకు చుక్కలు అరిగిపోయాయి. ఒకటి రాలిపోయింది. ఒక పిల్ల ముక్కు విరిగింది. ఇప్పుడు ఊళ్లో కొత్త చర్చి కట్టారు. బల్ల మీద ఏ మనిషి పేరూ ఉండకూడదని, దాతల పేర్లన్నీ బయట గోడకు రాయాలని సంఘం నిర్ణయించింది. "పేరు తీసేసి ఇస్తే పలక పెట్టుకుంటామయ్యా. లేకుంటే మీ దగ్గరే ఉంచుకోండి," అన్నారు పాస్టరు గారు, మెత్తగానే.

మా ఇల్లు ఇప్పుడు ఫంక్షన్ హాలు. పొలాలు నా పెళ్లికి ముందే పోయాయి. మా పేరు మిగిలింది ఆ ఒక్క పలక మీద. దాన్ని చేసిన చోటికే తీసుకుపోయి బాగు చేయిస్తాను, అక్షరాలు ఇంతకు రెండింతలవి వేయిస్తాను, వద్దనే ధైర్యం ఎవరికుందో ఆదివారం చూస్తాను అనుకుని బయల్దేరాను.

అఫ్జల్‌గంజ్

చిన్నప్పుడు నాన్నతో పాతబస్తీకి వచ్చేవాణ్ని. అఫ్జల్‌గంజ్‌లో మా కారు ఆగితే నాన్న దిగేవాడు కాదు. అద్దం దించేవాడంతే. అత్తరు సీసాలు, బాదం పప్పు, మంచి బియ్యం నమూనాలు దోసిట్లో పోసుకుని దుకాణదారులే కారు దగ్గరికి వచ్చేవారు. నాన్న ఒక గింజ కొరికి తల ఊపితే బేరం తెగినట్టు. కారులో వేసవి మధ్యాహ్నాల్లో కూడా వట్టివేళ్ల వాసన ఉండేది.

ఈసారి బస్సు దిగి నడిచాను. దుకాణాలు అవే, బోర్డులు మారాయి. మసాలా ఘాటు మాత్రం మారలేదు. లవంగం, సొంపు, ఎండుమిర్చి కలిసి ముక్కుకెక్కే ఆ ఘాటు తగలగానే వెనకసీట్లో కూర్చున్నట్టే అనిపించి, ఎవరో వచ్చి తలుపు తీస్తారన్నట్టు ఒక క్షణం నిలబడ్డాను. హమాలీ ఒకాయన "సైడ్, సైడ్!" అని అరుస్తూ బస్తాతో నా కోటు రాసుకుంటూ పోయాడు.

ఆటో పిలిచాను. పాతబస్తీలో ఉర్దూ మాట్లాడాలని నాన్న నేర్పిన మర్యాద. "చార్‌కమాన్ తక్ తష్రీఫ్ లే చలేంగే జనాబ్?" అని, చార్‌కమాన్ దాకా దయచేస్తారా అన్నట్టు, అడిగాను. డ్రైవరు నోట్లోంచి పుల్ల తీసి నావైపు చూశాడు.

"ఏంది సార్? తెలుగుల చెప్పుండ్రి. మాది మహబూబ్‌నగర్."

నయాపూల్ దాటుతుంటే మూసీ కంపు కొట్టింది. ఆయన అద్దంలో మూటను చూసి, "ఏ దేవుని ఫోటో సార్?" అన్నాడు. ఈ ప్రయాణంలో నాకు దొరికిన మర్యాద అంతా ఆ ప్రశ్నే.

చార్‌కమాన్ వెనక సందు

పలక చేసింది వీరాచారి అనే వెండిపని ఆయన. దుకాణం ఉంటుందన్న నమ్మకం లేదు. ఉంది. సందులో ఒక మనిషి కూర్చుంటే రెండో మనిషి నిలబడాల్సినంత చోటు. లోపల యాభై ఏళ్లాయన కుంపటి ఊదుతున్నాడు.

"వీరాచారి గారి దుకాణం ఇదేనా?"

"మా తాత. గోడ మీదున్నడు, సూడుండ్రి." దండ వేసిన ఫోటో చూపించాడు. "నేను నర్సింహాచారి. కూసోండ్రి బాపు, గా డబ్బా మీద కూసోండ్రి."

నిలబడే మూట విప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"అరె! మా తాత హంస!"

"హంస కాదు. గూడబాతు."

"హంసనే బాపు. మెడ సూడుండ్రి ఎంత సన్నగున్నదో. మా తాతకు వచ్చింది ఒక్కటే పిట్ట. సరస్వతమ్మ కింద పెట్టినా హంసనే, కుంకుమ భరిణె మీద పెట్టినా హంసనే."

"మా తాత చెప్పి చేయించింది గూడబాతు."

"చెప్పే ఉంటడు. మా తాత తలకాయ ఊపే ఉంటడు. తాసిల్దారుకు ఎదురు చెప్తడా? ఇంటికచ్చి హంసను చేసిండు."

నాకు ఒళ్లు మండింది. అయినా పలకను వెలుతురుకు పెట్టి చూశాను. గూడబాతుకు ఉండాల్సిన పొడుగు ముక్కు లేదు. గొంతు కింద సంచి లేదు. మూడు తరాల ఊరు హంస ముందు మోకరించింది, మొదటి వరసలో మేము.

"గిప్పుడు నాకు చెప్పుండ్రి," అన్నాడు నర్సింహాచారి, "విరిగిన పిల్లకు ఏ పిట్ట ముక్కు పెట్టాలె? తల్లి హంస, పిల్ల గూడబాతు అయితే లొల్లయితది గద!" అని తన మాటకు తనే నవ్వాడు.

ముక్కు సంగతి ఎల్లుండి వచ్చి చెప్తానన్నాను. అక్షరాలు పెద్దవి కావాలన్నాను. పాతవి ఊడదీస్తేనే పెద్దవి పడతాయన్నాడు. "తీసెయ్యి," అన్నాను.

కిషన్‌బాగ్

ఆ రెండు రాత్రులూ కిషన్‌బాగ్‌లో యాదమ్మ ఇంట్లో ఉన్నాను. యాదమ్మ తండ్రి మా ఇంట్లో గుర్రబ్బండి తోలేవాడు, తర్వాత కారు కడిగేవాడు. ఆమె నాకన్నా రెండు మూడేళ్లు పెద్దది. పెళ్లయి ఇక్కడికి వచ్చి, అత్తింటివాళ్ల బర్రెల వ్యాపారం తన చేతిలోకి తీసుకుంది. ఇప్పుడు రెండంతస్తుల ఇల్లు, వెనక కొట్టం. నేను హోటల్లో దిగాలనుకున్నాను. ఊళ్లో ఎవరో ఆమెకు ఫోన్ చేసేశారు.

"ఏంది చిన్నదొరా, కుర్సీల గంత బిర్రుగ కూసున్నవ్? కుర్సీ ఏమన్న ఎత్కపోతరా?" అంటూ వచ్చింది. "కోటు ఇప్పు. నీ కోటు జూసి మా బర్రె బెదురుతున్నది."

కోటు విప్పలేదు. ఆమె ఒక గిన్నె తెచ్చి ముందు పెట్టింది. జున్ను. కొట్టంలో బర్రె ఈనిందట. బెల్లం, యాలకులు వేసి ఆవిరి మీద ఉడికించింది. చెంచాతో కోస్తే వణికింది. మా నాయనమ్మ మిరియాలు కూడా వేసేదని అన్నాను. ఆ కారం తగలకపోయినా, నోట్లో కరిగేసరికి మా వంటింటి గడప, అరుగు మీద ఆరబెట్టిన ఇత్తడి బిందెలు కళ్ల ముందుకొచ్చాయి. రెండోసారి అడగకూడదని నియమం పెట్టుకున్న ఇంట్లో పుట్టాను. ఆమె అడగకుండానే వేసింది.

"ఇదెంతకు అమ్ముతావు?" అని అడిగాను.

"థూ! ముర్రుపాలు అమ్ముతరా ఎవరన్న? లేగకెంతో గంత, తక్కింది ఇండ్లకు పంచుడే." గోడ అవతల రజియాబీ ఇంటికి, ఎదురుగా గుళ్లో పూజ చేసే పంతులు ఇంటికి గిన్నెలు వెళ్లాయి. మా ఊళ్లో ఇప్పుడు జున్నుపాలు సీసాల్లో పోసి అమ్ముతున్నారు. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

పలక గురించి, సంఘం పెట్టిన షరతు గురించి, హంస గురించి చెప్పాను. హంస దగ్గర ఆమె పకపకా నవ్వింది.

"నిజం పిట్ట జూస్తవా? గీ పక్కకే, బహదూర్‌పురా జూల ఉన్నది. రోజూ దాని ముంగట్నుంచే పాలు పోతయి. పిల్లలు చిన్నగున్నప్పుడు పోయిన, మల్ల పోలే. రేపు పోదాం పా."

బహదూర్‌పురా

జూ గేటు దగ్గర పొద్దున్నే రద్దీ. బుర్ఖాల్లో ఆడవాళ్లు టిఫిన్ డబ్బాలతో, మగవాళ్లు చంకల్లో పిల్లలతో. యాదమ్మ కొత్త చీర కట్టుకుని, సంచిలో సర్వపిండి రొట్టెలు పెట్టుకుని వచ్చింది. నన్ను ముందు నడవమంది. పులుల బోర్డు చూసి అటు తిరగబోతే, "మనం పిట్టకు వచ్చినం," అని రెక్క పట్టుకుని ఇటు లాగింది.

నీళ్ల గట్టున గూడబాతులు కనబడ్డాయి. పుట్టినప్పటినుంచి చూస్తున్న పక్షి కదా, ఎదురుపడితే గుర్తుపడతాననుకున్నాను. గుర్తుపట్టలేదు. అంత పెద్ద ఒళ్లు, చిన్న కాళ్లు, మూరెడు ముక్కు, దాని కింద జారిన తోలు సంచి. నడక చూస్తే నవ్వొచ్చేట్టుంది. ఒకటి రెక్కలు విదిలిస్తే బురదనీళ్లు వచ్చి నా కోటు మీద పడ్డాయి. యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు ఒక తల్లి పక్షి దగ్గరికి దాని పిల్ల వచ్చింది. పిల్ల అంటే పిల్ల కాదు, తల్లంత ఉంది, రంగు మాత్రం మట్టిరంగు. తల్లి మెడ వంచి, ముక్కును తన రొమ్ముకు గట్టిగా ఆనించి నోరు తెరిచింది. పలక మీది భంగిమే అది. కంచె దగ్గరికి జరిగాను. పిల్ల తల మొత్తం తల్లి గొంతులోకి దూర్చి కుమ్మింది. తల్లి ఊగిపోతూ నిలబడింది. పిల్ల తల బయటికి తీసినప్పుడు దాని ముక్కున చేప తోక ఉంది.

నెత్తురు లేదు.

ప్రతి శనివారం సాయంత్రం నాయనమ్మ పలక విప్పించి ఇంటికి తెప్పించుకుని చింతపండు, ముగ్గుపిండితో తోమేది. తోముతూ కథ చెప్పేది. కరువొచ్చింది, పిల్లలు ఏడ్చాయి, తల్లి వెతికింది, ఏమీ దొరకలేదు, అప్పుడు... అని ఆపి, చుక్క మీద బొటనవేలు పెట్టేది. పక్షిని తను తోమి, "అక్షరాలు నువ్వు తోము బిడ్డా," అని పలక నా ఒళ్లో పెట్టేది. నాకు ఎంత గర్వంగా ఉండేదో! 'తాసిల్దారు' దగ్గర మొదలుపెట్టి మెరిసేదాకా వదిలేవాణ్ని కాదు.

"ఏమాయె? గట్ల నిలబడ్డవ్?" అంది యాదమ్మ.

"కథ అబద్ధం. అది నెత్తురివ్వడం లేదు, చేపలిస్తోంది."

"ఏమన్న గాని, లోపట్నుంచే ఇస్తున్నది గద. తిన్నది తనే అరిగించుకుంటే అడిగేటోడున్నడా? గా కుమ్ముడు సూడు. లేగ కుమ్మకుంటే బర్రె సేపదు, పాలు కిందికి దిగయి." కాసేపు పక్షినే చూసి, "మీ దేవుడు గిట్లనే ఇచ్చిండంటరా?" అని అడిగింది.

చెప్పాను. ఆఖరి రాత్రి భోజనం, రొట్టె విరిచి 'ఇది నా శరీరం' అనడం, తెల్లవారాక సిలువ. తన ప్రాణం తీసి ఇతరుల నోట్లో పెట్టాడు కనుకే ఈ పక్షి ఆయనకు గుర్తు అయిందని, బల్ల దగ్గరికి వచ్చే ప్రతివాళ్లూ ఆ నోరు తెరిచిన పిల్లలేనని చెప్పాను. చిన్నప్పుడు బట్టీ పట్టిన మాటలే. ఆ పక్షి ముందు నిలబడి చెప్తుంటే, మొదటిసారి వాటి బరువు నాకే తెలిసింది. అన్ని పక్షుల ముక్కులూ బయటికి చూస్తాయి. ఈ గుర్తులో ముక్కు లోపలికి తిరిగింది. అందుకే దీన్ని బల్ల మీద పెట్టారు.

యాదమ్మ సర్వపిండి ముక్క తుంచి నా చేతిలో పెట్టింది.

"నాకొకటి సమజైతలేదు చిన్నదొరా. నెత్తురు పిట్టదాయె. వెండేమో మీ నాయనమ్మ వడ్డాణం. మా అమ్మ చెప్తుండె, ఆమె నడుముకున్నది ఇప్పి ఇచ్చినంక మల్ల ఎన్నడు వడ్డాణం పెట్టలేదని. మరి పేరు మీ తాతదెందుకున్నది?"

"దానికి ఒక పద్ధతి ఉంటుంది యాదమ్మా," అన్నాను.

"ఉంటది, ఉంటది. తిను."

చాలా కోపం వచ్చింది. ఆ పూటంతా ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. ఆమె అది గమనించినట్టు కూడా లేదు. తాబేళ్లనూ ఏనుగునూ చూసి, చీకటి పడకముందే పాలు పిండాలని నన్ను తొందరపెట్టి ఇంటికి తీసుకొచ్చింది. రాత్రి పడుకున్నాక నాయనమ్మ నడుం గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నించాను. బోసినడుము. చీర కుచ్చిళ్ల మీద నూలు తాడు. మా ఇంటి కోడళ్లందరూ వెండీ బంగారాలతో నిలబడిన ఫోటోలో ఆమె ఒక్కతే చేతులు నడుముకు అడ్డం పెట్టుకుని ఉంటుంది. అది ఆమె వినయం అని నాన్న చెప్పేవాడు. నేనూ నా పిల్లలకు అలాగే చెప్పాను.

మళ్లీ ఆ సందులో

మర్నాడు వెళ్లేసరికి నర్సింహాచారి పని ముందుకు సాగింది. పలక తళతళలాడుతోంది. పాత రాగి అక్షరాలు టీ సాసరులో పోసి ఉన్నాయి. కొత్త అక్షరాలు కాగితం మీద గీసి ఉంచాడు. నిజంగానే పెద్దవి. అందంగా ఉన్నాయి కూడా.

"ఎట్లున్నయ్ బాపు? చర్చి గేటు కాడికెళ్లి సదవొచ్చు!"

సాసరు చేతిలోకి తీసుకున్నాను. అక్షరాలన్నీ కలగలిసిపోయాయి. ఏది 'తా'నో, ఏది 'త్యా'నో తెలియలేదు. చిన్నప్పుడు ఎన్నో శనివారాలు తోమిన రాగి. గుప్పెడు కూడా లేదు.

"ఈ రాగి కరిగిస్తే మూడు చుక్కలు వస్తాయా?"

"మూడేంది, ఆరు వస్తయ్. కని కొత్త రాగి ఉన్నది నా దగ్గర, గీ పాతది ఎందుకు?"

"ఇదే కరిగించు."

"మరి అక్షరాలు?"

"వద్దు."

నర్సింహాచారి కాగితం వైపు, నావైపు చూశాడు. పొద్దున్నుంచీ కూర్చుని గీసిన మనిషి. "ఒక్కటన్న?" అన్నాడు.

"వద్దన్నాను కదా."

మూసలో అక్షరాలు పోసి కుంపటిలో పెట్టాడు. నేను మొదటిసారి ఆ డబ్బా మీద కూర్చున్నాను. అక్షరాలు ముందు ఎర్రబడ్డాయి. అంచులు మెత్తబడి ఒకదాని మీద ఒకటి వాలాయి. కాసేపటికి మూస అడుగున కదిలే ఒక ఎర్రటి బొట్టు మిగిలింది. సందులో ఎవరో బేరమాడుతున్నారు. నాన్న ఎప్పుడైనా ఇటు వచ్చినా సందు మొదట్లోనే కారు ఆపించి అద్దం దించి ఉంటాడు. లోపలికి రాని మనిషికి ఈ రంగు తెలిసి ఉండదు.

చుక్కలు బిగించాక ఆయన పలక కింది భాగం చూపించాడు. అక్షరాల మేకులు పట్టిన చోట వరసగా చిల్లులు.

"ఇయ్యి వెండితోని పూడుస్త. ఏమున్నదో గుడ ఎవరికి తెల్వదు."

"పూడ్చకు."

"అదేంది? సూపుకు మంచిగుండదు బాపు."

"ఉండనీ. ఏమో ఉండేదని తెలియనీ."

ఆయన పెద్దగా నవ్వాడు. "తాసిల్దారు మనవడివి అనిపించుకున్నవ్ పో! మరి పిల్ల ముక్కు?"

"మీ తాత చేసినట్టే పెట్టు."

"హంసదా?"

"గూడబాతుది. మీ తాత చేసిన గూడబాతుది."

సాయంత్రం యాదమ్మకు పలక చూపించాను. ఆమె కింది చిల్లుల మీద వేలితో ఇటునుంచి అటు రాసి లోపలికి వెళ్లింది. బస్సుకు బయల్దేరుతుంటే ఇంకో చిన్న మూట చేతికిచ్చింది. లోపల జున్ను గిన్నె. పైన మిరియాల పొడి చల్లి ఉంది.

ఆదివారం

కొత్త చర్చిలో కూర్చునే బెంచీలు లేవు, ప్లాస్టిక్ కుర్చీలు. మొదటి వరస ఎవరిదీ కాదు. నేను వెళ్లేసరికి పలక బల్లకు బిగించేశారు. వెనక గోడ దగ్గర కిటికీ పక్కన కూర్చున్నాను.

"ఈ చిల్లులేంది?" అని ఎవరో అడగడం వినిపించింది. "పాతది గద," అని ఇంకెవరో అన్నారు.

రొట్టె విరిచే వేళకు పాస్టరు గారు అలవాటుగా నావైపు చూసి ఆగారు. నేను లేవలేదు. ఆయన ఇంకాస్త ఆగి, ముందు కూర్చున్నవాళ్లను రమ్మన్నారు. ఒక్కొక్కరే వెళ్లారు. కూలికి పోయే ఆడవాళ్లు, టీచర్లు, చంటిపిల్ల చెయ్యి పట్టుకుని తనే చుక్కకు ఆనించిన ఒక తల్లి. బైబిల్లో లేదని ఎవరూ ఆపలేదు. అందరూ చుక్కలు తాకి వచ్చి కూర్చున్నాక, చివరగా నేను లేచాను.

మోకరించేముందు వేలు చాచి మధ్య చుక్కను తాకాను. ఆ రాగిని నేను చిన్నప్పటినుంచి ఎరుగుదును, జిల్లుమంటుందని తెలుసు.

వెచ్చగా ఉంది.